సంప్రదాయ విల్లుతో వేట

కప్పీలు, కేబుళ్లు, గురి చూపే సాధనాలు లేని విల్లును కండబలంతో లాగి, వేళ్లతో వదిలి, వన్యమృగాలను, పక్షులను వేటాడే పద్ధతిని సంప్రదాయ విల్లుతో వేట అంటారు. ఒకే కర్రను చెక్కి చేసిన విల్లు, వీపున నరాలు అంటించిన విల్లు, కొమ్ము, కర్ర, నరం కలిపి అతికిన మిశ్రమ విల్లు, వీటి నమూనాలో ఇరవయ్యో శతాబ్దంలో పొరలుగా అతికి చేసిన లాంగ్‌బో, రికర్వ్ విల్లులు ఈ కోవలోకి వస్తాయి. హోలిస్ విల్బర్ అలెన్ అనే అమెరికన్ 1966లో దరఖాస్తు పెట్టి, 1969లో పేటెంటు పొందిన కాంపౌండ్ విల్లు ఇందులో చేరదు. అందులో నారిని పూర్తిగా లాగేసరికి కప్పీలు తిరిగి, చేతి మీది బరువు చాలావరకు తగ్గిపోతుంది. సంప్రదాయ విల్లులో లాగినకొద్దీ బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే వేటగాడు ఎక్కుపెట్టి ఎక్కువసేపు నిలవలేడు. మృగం సరైన భంగిమలోకి వచ్చిన ఒకటి రెండు క్షణాల్లో లాగాలి, వదలాలి.

ఈ వేటను తక్కిన వేటల నుంచి వేరు చేసేది దూరం. తుపాకీ వేటగాడు రెండు మూడు వందల మీటర్ల నుంచి మృగాన్ని కొట్టగలడు. సంప్రదాయ విల్లు పట్టినవాడికి నమ్మకమైన దూరం 15 నుంచి 25 మీటర్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. విల్లు పొడవు, ములికి ఆకారం, విషం వాడకం, మాటు కట్టే తీరు, జాడ తీసే నేర్పు, చివరికి నేటి చట్టాల్లోని షరతులు కూడా ఈ కొద్దిపాటి దూరం చుట్టూనే ఏర్పడ్డాయి.

చరిత్ర: తొలి ఆధారాలు

కర్ర, నారి, ఈక మట్టిలో నిలవవు. అందువల్ల అతి ప్రాచీన కాలానికి మిగిలిన ఆధారాలు రాతి మొనలు, ఎముక ములుకులు మాత్రమే. దక్షిణాఫ్రికాలోని సిబుడు గుహలో సుమారు 64,000 ఏళ్ల నాటి రాతి మొనలు దొరికాయి. వాటి మీది దెబ్బల గుర్తులను, జిగురు అవశేషాలను బట్టి అవి బాణాలకు బిగించినవని పరిశోధకులు 2010లో ప్రతిపాదించారు. ఫ్రాన్సులోని మాండ్రిన్ గుహ మొనలు సుమారు 54,000 ఏళ్ల నాటివి. శ్రీలంకలోని ఫాహియన్ గుహలో బయటపడిన ఎముక మొనలు సుమారు 48,000 ఏళ్ల నాటివి. అక్కడి జనం వానకారడవిలో కోతులను, ఉడుతలను వేటాడి బతికారని ఆ గుహలోని ఎముకలు చెబుతున్నాయి. విల్లు అనగానే గుర్తొచ్చేది జింకే అయినా, చెట్టు మీది చిన్న జీవిని కొట్టాలన్న అవసరం కూడా ఈ ఆయుధాన్ని తీర్చిదిద్దిందనడానికి ఇదొక బలమైన సాక్ష్యం.

చెక్కతో చేసిన విల్లంబులు అరుదుగా, నీటిలోనో మంచులోనో కూరుకుపోయిన చోట మాత్రమే దక్కాయి. జర్మనీలో హాంబర్గ్ దగ్గరి స్టెల్‌మూర్‌లో మంచుయుగం చివరినాటి పైన్ బాణాలు రెయిన్‌డీర్ ఎముకలతో పాటు దొరికాయి, రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమయ్యాయి. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బాడవలో 1944లో దొరికిన ఎల్మ్ విల్లులకు సుమారు 9,000 ఏళ్లు. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన, సుమారు 5,300 ఏళ్ల కిందటి 'ఓట్జీ' దగ్గర 1.82 మీటర్ల యూ కర్ర విల్లు ఉంది. అది ఇంకా చెక్కుతున్న దశలోనే ఉంది. అమ్ములపొదిలో 14 బాణాలుంటే, ములికి, ఈకలు బిగించి సిద్ధంగా ఉన్నవి రెండే.

అన్ని ఖండాలకూ విల్లు ఒకేసారి చేరలేదు. కెనడాలోని యూకాన్ ప్రాంతపు మంచుదిబ్బల కింద వేల ఏళ్లపాటు విసురుకర్రతో విసిరిన ఈటెలే దొరికాయి. సుమారు 1,200 ఏళ్ల కిందట అవి హఠాత్తుగా పోయి, విల్లంబులు వచ్చాయి. ఆస్ట్రేలియా ఆదివాసులు విసురుకర్రతో ఈటెలు విసిరి కంగారూలను వేటాడారు, విల్లును చేపట్టలేదు.

భారతదేశంలో భీంబేట్కా గుహాచిత్రాల్లో విల్లు ఎక్కుపెట్టిన వేటగాళ్లు కనిపిస్తారు. రామాయణంలో దశరథుడు చీకట్లో కడవ మునిగిన చప్పుడును ఏనుగు నీళ్లు తాగుతున్న చప్పుడనుకుని బాణం వేసి మునికుమారుణ్ణి చంపుతాడు. శబ్దవేధి మహిమ మాట అటుంచితే, రాత్రిపూట రేవు దగ్గర మాటు వేసి కొట్టే వేట పద్ధతి ఆ కథకు నేపథ్యం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో కూర్పించిన 'మానసోల్లాసం' రాజుల వినోదాల్లో భాగంగా వేట పద్ధతులను విడదీసి వివరించింది.

విల్లు: కర్రలు, రకాలు

విల్లును వంచినప్పుడు మృగం వైపుండే వీపు సాగుతుంది, వేటగాడి వైపుండే పొట్ట నొక్కుకుపోతుంది. ఈ రెండు ఒత్తిళ్లనూ తట్టుకునే పదార్థం దొరకడమే విల్లు తయారీలోని అసలు సమస్య. ఐరోపావాసులు వాడిన యూ కర్రలో బయటి తెల్ల పొర సాగుదలకు, లోపలి ఎర్రచేవ నొక్కుడుకు సహజంగానే సరిపోతాయి. ఉత్తర అమెరికా మధ్యప్రాంతాల్లో ఓసేజ్ ఆరెంజ్ కర్ర విల్లులకు పేరుపొందింది. మంచి కర్ర దొరకనిచోట వీపున జంతువుల నరాలను జిగురుతో అంటించి బలం తెచ్చారు. గుర్రం మీద స్వారీ చేస్తూ అడవిదున్నలను వేటాడిన మైదానప్రాంతపు అమెరికా తెగల విల్లులు మీటరు, మీటరుంపావు మించేవి కావు. గుర్రం మెడ మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పడానికి అంతకు మించిన పొడవు అడ్డం. చెట్లే లేని ఆర్కిటిక్ తీరాల్లో ఇన్యూట్‌లు అలలకు కొట్టుకొచ్చిన దుంగలను చెక్కి, వీపున పేనిన నరాల తాళ్లు బిగించి విల్లు చేసుకున్నారు. అమెజాన్ అడవుల్లో నల్లతాటి జాతి కర్రతో మనిషి ఎత్తును మించిన విల్లులు వాడతారు.

కొమ్ము, కర్ర, నరం కలిపి చేసిన మిశ్రమ విల్లు పొట్టిగా ఉన్నా బలంగా లాగుతుంది. మధ్య ఆసియా, పశ్చిమాసియాల నుంచి మొగలుల దాకా యుద్ధంలోనూ వేటలోనూ అదే ప్రధానం. కాని దాన్ని పట్టి ఉంచేది జంతు జిగురు. గాలిలో తేమ పెరిగితే అది పట్టు సడలుతుంది. భారతదేశపు ఆయుధశాలల్లో ఉక్కు విల్లులు కనిపించడానికి ఇక్కడి తేమ వాతావరణం ఒక కారణం. అడవిలో బతికే వేటగాళ్లు మాత్రం వెదురును నమ్ముకున్నారు. మధ్య భారతంలోనూ తూర్పు కనుమల్లోనూ వింటిబద్దే కాదు, నారి కూడా చాలాచోట్ల సన్నగా చీల్చిన వెదురు బద్దే. నరాలతో పేనిన నారిలాగా అది తడికి సాగదు. వానాకాలం అడవిలో ఇది చిన్న లాభం కాదు.

పక్షుల కోసం ఉండవిల్లు అనే వేరే రకం ఉంది. దీనికి రెండు నారులు, మధ్యన చిన్న అల్లిక. అందులో ఎండబెట్టిన మట్టి ఉండ పెట్టి వదులుతారు. (చూ. ఉండేలు)

బాణం: కాండం, ములికి

వేటగాళ్ల అనుభవంలో విల్లు కన్నా బాణానికే ఎక్కువ శ్రద్ధ కావాలి. నారి తోసినప్పుడు బాణం తిన్నగా పోదు. వింటిబద్దను చుట్టుకుపోయినట్టు పాములా వంగి, దాన్ని దాటాక ఊగుతూ ఊగుతూ సర్దుకుంటుంది. కాండం బిరుసు విల్లు బలానికి తగ్గట్టు లేకపోతే బాణం పక్కకు తిరుగుతుంది. అందుకే ఒకే విల్లుకు వాడే బాణాలన్నీ ఒకే బరువులో, ఒకే బిరుసులో ఉండేలా చూసుకుంటారు. టాంజానియాలో ఈయాసీ సరస్సు దగ్గర ఉండే హడ్జా వేటగాడు పచ్చి పుల్లను నిప్పు సెగకు చూపి, పళ్లతో పట్టి నొక్కి వంకరలు తీస్తాడు. కంటి దగ్గర పెట్టి చూసి, మళ్లీ సెగ చూపి, మళ్లీ పంటితో పడతాడు. ఇనుప ములికిని మేకును చల్లగానే సాగగొట్టి తయారుచేసుకుంటాడు.

ములుకులు వేటను బట్టి మారతాయి. పెద్ద మృగాలకు వెడల్పు అంచుల ములికి, పక్షులకు, చిన్న జంతువులకు మొద్దు మొన, చేపలకు ముళ్ల ములికి వాడతారు. విషం పూసే బాణాలకు సన్నటి మొన చాలు. అగ్నిపర్వతపు గాజురాయి అంచు ఉక్కు కన్నా సన్నగా చీలుతుంది, కాని ఎముకకు తగిలితే చిట్లుతుంది.

వేటు: బాణం ఎలా పనిచేస్తుంది

తూటా తన వేగంతో చుట్టూ ఉన్న కండను కూడా నలగ్గొడుతుంది. బాణానికి ఆ వేగం లేదు. అది కోస్తుంది, రక్తం పోయేలా చేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి దిగితే గాలి చొరబడి అవి ముడుచుకుపోతాయి. కాబట్టి విల్లు వేటగాడి గురి ముంగాలి వెనక, ఛాతీ దిగువ భాగం. మృగం పక్కకు తిరిగి నిలబడాలి, లేదా వేటగాడికి కాస్త అవతలికి తిరిగి వెళుతున్న భంగిమలో ఉండాలి. ఎదురుగా వస్తున్న మృగం మీద బాణం వేయడం సాధారణంగా మానుకుంటారు. రొమ్మెముక అడ్డం.

దూరం ఎందుకింత ముఖ్యమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. సంప్రదాయ విల్లు నుంచి బాణం సుమారుగా సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతుంది. 20 మీటర్ల దూరంలోని జింకను చేరడానికి దానికి 0.4 సెకన్లు పడుతుంది. నారి టంకారం సెకనుకు 340 మీటర్లు పోతుంది, కాబట్టి 0.06 సెకన్లలోనే జింక చెవిన పడుతుంది. మిగిలిన మూడోవంతు సెకను జింకది. బెదిరిన జింక ఎగరడానికి ముందు కాళ్లు మడిచి ఒక్కసారి కిందికి కుంగుతుంది. బాణం వెన్ను మీదుగా పోతుంది. అందుకే అనుభవజ్ఞులు గురిని కాస్త కిందికి పెడతారు, నారికి ఉన్ని పీచో బొచ్చో కట్టి చప్పుడు తగ్గిస్తారు. అన్నిటి కన్నా మిన్న, బెదరని మృగం మీదనే బాణం వేస్తారు. 40 మీటర్ల దూరంలో ఇదే లెక్క జింకకు రెట్టింపు సమయం ఇస్తుంది. ఎంత గురిగలవాడికైనా అక్కడ నమ్మకం లేదు.

వేట పద్ధతులు

అన్నిచోట్లా కనిపించేది మాటు. నీటిరేవు, ఉప్పునేల, పండ్లు రాలే చెట్టు, మృగాలు నడిచే బాట, వీటి దగ్గర గాలి తమ వైపు వీచేలా చూసుకుని కూర్చుంటారు. చెట్టు మీది మంచె వాసనను, కదలికను రెంటినీ కొంత దాస్తుంది. ఎండాకాలం చివర, నీళ్లు రెండు మూడు గుంటల్లోనే మిగిలినప్పుడు హడ్జాలు రాత్రిపూట రేవుల దగ్గర మాటు వేస్తారు.

పొంచి నడవడం మరింత కష్టం. మృగం తల వంచి మేస్తున్నప్పుడు అడుగు వేయాలి, తల ఎత్తినప్పుడు ఎక్కడివాడక్కడ ఆగిపోవాలి. ఒక కాలి మీద ఆగాల్సి వస్తే ఆ కాలి మీదే నిలవాలి. ఎండుటాకుల మీద ఇది దాదాపు అసాధ్యం, వాన వెలిసిన తరవాత సులువు. మూడో పద్ధతి తోలుడు వేట: ఊరంతా కలిసి అరుపులతో, డప్పులతో అడవిని ఒక పక్క నుంచి కదిలిస్తే, రెండో పక్క విలుకాళ్లు కాపు కాస్తారు. పరుగెత్తే మృగాన్ని కొట్టాలి కనుక దీనిలో తప్పిపోయే బాణాలెక్కువ. మృగాన్ని పిలవడం, మృగం వేషం కట్టడం కూడా చాలా తెగల్లో ఉన్నాయి.

జాడ తీయడం

బాణం తగిలిన మృగం అక్కడికక్కడే పడిపోవడం అరుదు. బాగా తగిలినా వంద మీటర్లు పరుగెత్తగలదు. అప్పుడు వెంటపడితే భయంతో ఇంకా దూరం పోతుంది. కాబట్టి వేటగాడు కూర్చున్నచోటే కదలకుండా ఉండి, మృగం ఎటు పోయిందో, ఏ చెట్టు పక్కన చివరిసారి కనబడిందో గుర్తు పెట్టుకుని, కనీసం అరగంట ఆగుతాడు.

తరవాత నెత్తురు చదవాలి. లేత ఎరుపులో నురగతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, మృగం దగ్గర్లోనే ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, ఇంకొంత సేపు ఆగాలి. పచ్చటి పసరు, మేత తునకలు కలిసి ఉంటే కడుపులో దిగినట్టు. అప్పుడు చాలా గంటలు వదిలేయాలి. తొందరపడ్డవాడికి ఆ మృగం దొరకదు, అది పొదల్లో నరకయాతన పడి చస్తుంది. నెత్తురు నేల మీదనే కాదు, మోకాలి ఎత్తున ఆకులకు, గడ్డిపోచలకు కూడా అంటి ఉంటుంది. చుక్క ఆగిపోయినచోట ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి చుట్టూ తిరుగుతూ మళ్లీ వెతుకుతారు. సంప్రదాయ వేటగాడి నైపుణ్యాన్ని గురితో కాక ఈ పనితో కొలవడమే న్యాయం. చాలా వేటల్లో నిజమైన శ్రమ బాణం వదిలాకే మొదలవుతుంది.

విషబాణాలు: కలహరి, తూర్పు ఆఫ్రికా

నమీబియా, బోట్స్వానాల్లోని సాన్ వేటగాళ్ల విల్లు చాలా తేలిక. దాని దెబ్బకు పెద్ద మృగం చావదు, చావాల్సిన అవసరమూ లేదు. పని చేసేది విషం. డయాంఫీడియా అనే పెంకుపురుగు లార్వాలను, అవి బతికే పొద వేళ్ల దగ్గర మట్టి తవ్వి గూళ్లతో సహా తీస్తారు. పురుగును నలిపి ఆ రసాన్ని ములికి మొనకు కాకుండా దాని వెనక కాండానికి పూస్తారు. మొనకు పూస్తే పొరపాటున గీరుకున్న వేటగాడే ప్రమాదంలో పడతాడు. బాణం అతుకులుగా తయారవుతుంది. తగలగానే వెనకభాగం ఊడి పడిపోతుంది, ములికి లోపలే ఉంటుంది. పొదకు రాసుకుని ఊడిపోయే వీలు మృగానికి ఉండదు.

ఈ విషం ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. నోటి ద్వారా పోతే హాని చేయదు, కనుక గాయం చుట్టూ కోసేసి మాంసం తింటారు. కాని అది నెమ్మదిగా పనిచేస్తుంది. చిన్న మృగానికి కొన్ని గంటలు, జిరాఫీ వంటి దానికి రోజులు. ఆ సమయమంతా వేటగాళ్లు జాడ వెంట నడవాలి. జాన్ మార్షల్ 1957లో విడుదల చేసిన 'ది హంటర్స్' చిత్రం ఇలాంటి జిరాఫీ వేటనే చూపింది, అయితే అది పలు వేటల దృశ్యాలను కలిపి కూర్చిన కథనం.

మాంసం ఎవరిదన్న ప్రశ్నకు జూ/ఒవాన్సీ సాన్‌ల జవాబు ప్రత్యేకమైనది. కొట్టినవాడిది కాదు, బాణం ఎవరిదో వారిది. బాణాలు చేతులు మారుతూ ఉంటాయి, ముసలివారి దగ్గర, స్త్రీల దగ్గర కూడా ఉంటాయి. కాబట్టి వేటకు వెళ్లలేనివారికి పంచిపెట్టే అధికారం దక్కుతుంది. పెద్ద మృగాన్ని కొట్టినవాడు గొప్ప చెప్పుకోకూడదు. తక్కినవారు ఆ మాంసాన్ని బక్కది, పనికిరానిది అని తీసిపారేస్తారు. అతని అహం పెరగకుండా ఉండేందుకే ఇదని మానవశాస్త్రవేత్త రిచర్డ్ లీ నమోదు చేశాడు.

హడ్జాల విల్లులు దీనికి పూర్తిగా వేరు. పొడవైనవి, లాగడానికి చాలా బరువైనవి. అడీనియం (ఎడారి గులాబీ) రసం నుంచి, స్ట్రోఫాంతస్ గింజల నుంచి తీసే విషాలను పెద్ద మృగాల బాణాలకు వాడతారు. ఇవి గుండె మీద పనిచేస్తాయి. పక్షులకు, చిన్న జంతువులకు విషం లేని బాణాలే.

ఇషీ, పోప్: ఆధునిక పునరుద్ధరణ

తుపాకులు వచ్చాక ఐరోపా, అమెరికాల్లో విల్లు ఆటవస్తువుగా మిగిలింది. అమెరికాలో దాన్ని మళ్లీ వేటలోకి తెచ్చినవారిలో మొదటివాళ్లు మారిస్, విల్ థాంప్సన్ సోదరులు. మారిస్ 1878లో వెలువరించిన 'ది విచరీ ఆఫ్ ఆర్చరీ' విలువిద్య సంఘాల స్థాపనకు ఊపునిచ్చింది. కాని విల్లు వేటను ఒక విద్యగా అప్పగించిన ఘట్టం మరొకటి.

1911 ఆగస్టు 29న కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణ శివార్లలో ఆకలితో ఉన్న ఒక మనిషి పట్టుబడ్డాడు. యాహీ తెగలో మిగిలిన చివరివాడతడు. తక్కినవారంతా వలసదారుల హత్యాకాండల్లో, ఆకలితో, రోగాలతో పోయారు. తన పేరు చెప్పలేదు. చెప్పడం వాళ్ల మర్యాద కాదు. అతని భాషలో 'మనిషి' అనే అర్థం గల 'ఇషీ' అన్న మాటతోనే పిలిచారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోలో నడిపిన మ్యూజియంలో ఉంటూ రాతిమొనలు చెక్కి చూపేవాడు. గాజుసీసా ముక్కల నుంచి కూడా చెక్కేవాడు. పక్క ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు శాక్స్టన్ పోప్ అతనికి చికిత్స చేస్తూ, అతని దగ్గర విల్లు నేర్చుకున్నాడు.

ఇషీ విల్లు జూనిపర్ కర్రది, వీపున నరాలు అంటించినది, నాలుగడుగుల లోపే. ఒంగి కూర్చునో మోకాలి మీద నిలిచో బొటనవేలితో లాగేవాడు. దూరపు గుండ్రటి గురిబల్ల మీద పోప్ అతణ్ణి మించిపోయాడు. అడవిలో మాత్రం ఇషీదే పైచేయి, ఎందుకంటే అతడు దూరం నుంచి కొట్టే అవసరం రానిచ్చేవాడు కాదు. వేటకు ముందు చేప తినేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు, తెల్లవారుజామున ఏటిలో స్నానం చేసి ఒంటికి వాసన గల ఆకులు రుద్దుకునేవాడు. రెండు వేళ్లు పెదవులకు ఆనించి పీలుస్తూ దెబ్బతిన్న కుందేలులా కూతపెట్టి కుందేళ్లను దగ్గరికి రప్పించేవాడు. నీలిరంగు జే పక్షి అరిస్తే ఆగిపోయేవాడు, అది మనిషి వస్తున్నాడని అడవికంతా చాటుతోందని చెప్పేవాడు. 1914లో పోప్, మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ తదితరులు అతణ్ణి వెంటబెట్టుకుని అతని పాత కొండలకు వెళ్లి వచ్చారు. ఇషీ 1916 మార్చి 25న క్షయతో చనిపోయాడు.

పోప్, అతని మిత్రుడు ఆర్థర్ యంగ్ ఆ విద్యను కొనసాగించారు. 1920లో ప్రత్యేక అనుమతితో ఎల్లోస్టోన్‌లో గ్రిజ్లీ ఎలుగుబంట్లను మ్యూజియం ప్రదర్శన కోసం బాణాలతో కొట్టారు. 1925లో ఆఫ్రికా వెళ్లి సింహాలను వేటాడారు, వెంట తుపాకీ కాపు ఉంది. పోప్ రచన 'హంటింగ్ విత్ ది బో అండ్ యారో' 1923లో వెలువడి, ఒక తరానికి పాఠ్యపుస్తకమైంది. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం జింకల వేటకు ప్రత్యేకంగా విల్లు సీజను ప్రకటించింది. విలుకాళ్లు హోవర్డ్ హిల్, ఫ్రెడ్ బేర్ సినిమాలు, ప్రదర్శనలు, విల్లుల తయారీ ద్వారా విల్లు వేటను జనంలోకి తెచ్చారు. 1961లో ఏర్పడిన విల్లు వేటగాళ్ల సంఘానికి పోప్, యంగ్‌ల పేర్లే పెట్టారు. పోప్‌కు నేర్పినవాడి పేరు అందులో లేకపోవడం గమనించదగ్గది.

తెలుగునాట విల్లు వేట

శ్రీకాళహస్తి కన్నప్ప కథలో తిన్నడు బోయ వేటగాడు. ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లో ఆ వేటను విస్తారంగా వర్ణించాడు. పెద్దన 'మనుచరిత్ర'లోనూ స్వరోచి వేట ఘట్టం ఉంది. ప్రబంధాల వేటలో రాజు వెంట కుక్కలు, వలలు, బోయల బలగం ఉంటాయి. అడవిలో బతికినవారి వేట అలా ఉండదు.

నల్లమల చెంచుల దగ్గర 1940లో పరిశోధన చేసిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో వారి మీద పుస్తకం వెలువరించాడు. అందులో విల్లంబులు, గొడ్డలి, కత్తి, దుంపలు తవ్వే ఇనుప మొన కర్ర వారి ప్రధాన పనిముట్లుగా కనిపిస్తాయి. చెంచు పురుషుడి గుర్తు విల్లే అయినా, కడుపు నింపింది మాత్రం ఎక్కువగా దుంపలు, పండ్లు, ఇప్పపువ్వు, తేనె. మాంసం దొరికిన రోజు దొరికినట్టు. ఈ విషయం చెంచులకే పరిమితం కాదు. వేట మీద బతికే జాతులుగా పేరుపడిన చాలామంది రోజువారీ తిండి స్త్రీలు సేకరించి తెచ్చినదే.

గోదావరి ఒడ్డు కోయలు, కొండరెడ్లు, విశాఖ ఏజెన్సీ తెగలు కూడా విల్లంబులు వాడారు. ఏజెన్సీలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగకు మగవాళ్లు గుంపులుగా అడవికి వేటకు పోవడం ఆచారం. ఖాళీ చేతులతో తిరిగివస్తే ఆడవాళ్లు ఎగతాళి చేస్తారు, పేడనీళ్లు చల్లుతారు. కోయల భూమి పండుగలోనూ విత్తనాలకు ముందు సామూహిక వేట భాగం. ఇప్పుడివి చాలాచోట్ల వేట లేకుండా, వేట లాంఛనంతో జరుగుతున్నాయి. (చూ. చెంచులు, కోయలు, ఇటుకల పండుగ)

చట్టం

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. చట్టంలో 'ఆయుధం' అన్న మాట కింద తుపాకులు, ఉచ్చులు, వలలతో పాటు విల్లంబులను కూడా పేర్కొన్నారు. చంపడమే కాదు, తరమడం, ఎర వేయడం, ప్రయత్నించడం కూడా వేటే. నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు 1967లో ఇచ్చిన వేట హక్కులను మాత్రం చట్టం మినహాయించింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చి, అడవి మీద ఆదివాసుల సంప్రదాయ హక్కులను గుర్తించినా, వేటను ఆ హక్కుల నుంచి స్పష్టంగా తీసేసింది. ఝార్ఖండ్ దల్మా అభయారణ్యంలో ఏటా జరిగే సెంద్రా వేట పండుగ సమయంలో అటవీశాఖకూ ఆదివాసులకూ మధ్య ఈ విషయంపై చర్చ నడుస్తూనే ఉంది.

బ్రిటన్‌లో, జర్మనీలో విల్లు వేట నిషిద్ధం. ఫ్రాన్స్, హంగరీ, స్పెయిన్ అనుమతిస్తాయి. అమెరికాలో రాష్ట్రాలవారీగా అనుమతి, సీజను ఉంటాయి. పెద్ద మృగాలకు విల్లు లాగుడు బరువు సాధారణంగా 35, 40 పౌండ్లకు తగ్గకూడదని చాలాచోట్ల నియమం. అక్కడ తుపాకుల మీద 1937 చట్టం ప్రకారం వన్యప్రాణి సంరక్షణకు చేరుతున్న ఎక్సైజ్ సుంకాన్ని 1970లలో విల్లంబులకూ వర్తింపజేశారు. బోట్స్వానా 2014లో వేటను నిషేధించి 2019లో సడలించింది. నమీబియాలోని న్యాయ్ న్యాయ్ సంరక్షణ ప్రాంతంలో జూ/ఒవాన్సీలు సంప్రదాయ ఆయుధాలతో వేటాడుకోవచ్చు.

వివాదాలు

విల్లు వేట మీద ప్రధాన ఆక్షేపణ గాయపడి దొరకకుండా పోయే మృగాల గురించి. ఆ నిష్పత్తి ఎంతన్న దానిపై అధ్యయనాల ఫలితాల్లో పెద్ద తేడాలున్నాయి. కాంపౌండ్ విల్లును, సంప్రదాయ విల్లును కలిపి లెక్కించడం కూడా పోలికను చెడగొడుతోంది. సమర్థకులు దగ్గరి దూరం, తక్కువ వేట, చప్పుడు లేకపోవడం చూపుతారు. వ్యతిరేకులు చావుకు పట్టే సమయాన్ని చూపుతారు. రెండు పక్షాలూ కాదనని విషయం ఒకటుంది: బాణం వేసే దూరం పెరిగినకొద్దీ గాయాలు పెరుగుతాయి. విల్లు వేటకు అనుమతినిచ్చే దేశాల్లో చాలావాటిలో శిక్షణ, గురి పరీక్ష, పదునైన వెడల్పు ములికి తప్పనిసరి చేయడం ఈ కారణంగానే.

ఆదివాసుల వేట విషయంలో ప్రశ్న వేరు. వారి దగ్గర విల్లు మారలేదు, అడవి మారింది. మృగాలు తగ్గినది సాగుభూములు, ఆనకట్టలు, గనులు, తుపాకీ వేట వల్ల. ఆంక్షలు ముందుగా తగిలినది విల్లు పట్టినవారికి. అయినా, మిగిలిన కొద్దిపాటి అడవిలో పులికి కావలసిన దుప్పి, కణితి వేటకు దొరకకుండా ఉండాలన్న వాదాన్ని కొట్టిపారేయలేం. చెంచుల నల్లమల ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం, తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యాలుగా ఉంది. పులుల జాడ తీయడానికి, అడవి కాపలాకు అటవీశాఖ నియమించుకునేవారిలో చెంచులు ఉన్నారు.